కొత్త ఆలోచన పాకడం వేరు, పాతది చోటు ఖాళీ చేయడం వేరు

క్లుప్తంగా: ఒక ఆలోచన ఎంతమంది నోట నానుతోందో చూసి అది గెలిచిందని చెప్పలేం. పాకడానికి కావలసిన పరిస్థితులు వేరు, పాతదాన్ని కదిలించడానికి కావలసినవి వేరు. తప్పని రుజువైనంత మాత్రాన పాత ఆలోచన పోదు. అది చేస్తున్న పనులన్నిటినీ మరొకటి అందుకున్నప్పుడే పోతుంది. అందుకే కొన్ని తప్పుడు ఆలోచనలు దశాబ్దాలపాటు నిలిచాయి, కొన్ని సరైనవి గెలిచాక కూడా చేజారిపోయాయి.

ఒక వాదన నెల రోజుల్లో అందరి నోటా వినిపించి, ఆర్నెల్లకు ఎవరికీ గుర్తుండదు. మరొకటి యాభై ఏళ్లు మూలన పడి ఉండి, ఆ తర్వాత పదేళ్లలోపే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కుతుంది. మంచి ఆలోచన నిలిచింది, చెడ్డది పోయింది అని సర్దిచెప్పుకుంటే ఈ తేడా అర్థం కాదు.

జన్యువుల్లాగే ఆలోచనలూ నకళ్లు పెంచుకుంటూ పోటీ పడతాయని 1976లో రిచర్డ్ డాకిన్స్ ప్రతిపాదించి, అలా నకలయ్యేదానికి 'మీమ్' అని పేరు పెట్టారు. ఆ పోలిక కొంతదూరమే పనికొస్తుంది. జన్యువు దాదాపు ఉన్నదున్నట్టు నకలవుతుంది. ఆలోచన మాత్రం చేతులు మారిన ప్రతిసారీ అందుకున్న మనిషి అవసరానికి తగ్గట్టు రూపు మార్చుకుంటుంది. పైగా ఒకే మనిషి మనసులో పరస్పర విరుద్ధమైన రెండు ఆలోచనలు ఏళ్ల తరబడి కలిసి బతకగలవు. పోటీ నిజంగా ముదిరేది ఒక్కదానికే చోటున్న దగ్గర: ఒక సమయంలో ఒకే పని చేయగలిగిన చోట, ఒక పాఠంలో ఒకే వివరణ పట్టే చోట, ఒక ఖర్చుకు ఒకే పద్ధతి ఎంచుకోవలసిన చోట.

## పైకి కనబడని సగం

మొదటి లెక్క తేలికైనది. ఆలోచన చేరిన ప్రతి మనిషీ సగటున ఇంకెంతమందికి దాన్ని అందిస్తాడు? వంద మందితో మొదలై ఆ సగటు 1.2 అయితే, పదో విడతలో దాన్ని కొత్తగా అందుకునేవాళ్లు 619 మంది, ఇరవయ్యో విడతలో 3,800 పైచిలుకు. అదే సగటు 0.9 అయితే పదో విడతకు 35, ఇరవయ్యో విడతకు 12. ఒకటికి కాస్త పైనుంటే ఉప్పెన, కాస్త కిందుంటే ఆవిరి. మొదటి రెండు మూడు విడతల్లో మాత్రం ఈ రెంటికీ మధ్య తేడా కంటికి ఆనదు.

రెండో లెక్క పోటీది. కొత్త ఆలోచనకు పాతదానిపై ప్రతి విడతలోనూ 10 శాతం మొగ్గు ఉందనుకుందాం. అంటే పాతదాన్ని పట్టుకున్నవాళ్లతో పోలిస్తే కొత్తదాన్ని పట్టుకున్నవాళ్ల నిష్పత్తి విడతకు 1.1 రెట్లు అవుతుంది. వెయ్యికి ఒకరి దగ్గర మొదలైతే 10 శాతానికి చేరడానికే దాదాపు 49 విడతలు పడుతుంది. 10 నుంచి 90 శాతానికి వెళ్లడానికి మరో 46. మొగ్గు మొదటినుంచీ మారలేదు, అయినా తొలి 49 విడతల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. రాత్రికి రాత్రే అంతా మారిపోయిందని జనం అనుకునేది ఆ తర్వాతి భాగాన్ని చూసి. అటువైపు కూడా అంతే: 90 శాతం నుంచి 99.9కి చేరడానికి మళ్లీ 49 విడతలు. ఓడిపోయిన ఆలోచన తోక అంత పొడవు.

నిజ జీవితంలో మొగ్గు స్థిరంగా ఉండదు. అది ఎప్పుడు, దేనివల్ల మారుతుందన్నదే అసలు విషయం.

## వినడం ఒకటి, మారడం ఒకటి

కబురు చేరడానికి ఒక్క మనిషి చాలు. అలవాటు మారడానికి ఒక్కరు చాలరు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది రైతుల మధ్య హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఎలా పాకిందో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ పరిశీలించి 1943లో ప్రచురించారు. 1928 నుంచి 1941 మధ్య ఇద్దరు తప్ప అందరూ దానికి మారారు. దిగుబడి ఎక్కువేనని తెలిసినా పదమూడేళ్లు పట్టింది. పాత పద్ధతిలో రైతు తన పంటలోంచే విత్తనం తీసి దాచుకునేవాడు, హైబ్రిడ్‌ను ఏటా కొనాలి. ఈ విత్తనం సంగతి చాలామందికి ముందుగా చెప్పింది కంపెనీ అమ్మకందార్లు. వేయాలన్న నిర్ణయానికి ఎక్కువగా తోడ్పడింది ఇరుగుపొరుగు రైతులు. చాలామంది మొదట కొద్దిపాటి చెక్కలో వేసి చూసుకుని, తర్వాతే పొలమంతా మార్చారు.

2010లో డేమన్ సెంటోలా 1,528 మందితో చేసిన ఆన్‌లైన్ ప్రయోగంలో ఇదే తేడా అంకెల్లో కనబడింది. కొందరిని ఒకరి మిత్రులు మరొకరికీ మిత్రులయ్యేలా గుంపులుగా అల్లారు, మిగిలినవారిని దూరదూరంగా యాదృచ్ఛికంగా కలిపారు. ఆరోగ్య సమాచార వేదిక ఒకదానిలో చేరే అలవాటు గుంపుల అల్లికలో సుమారు 54 శాతానికి పాకింది, యాదృచ్ఛిక అల్లికలో 38 శాతం దగ్గరే ఆగింది. దూరపు సంబంధాలు కబురును వేగంగా మోస్తాయి. కానీ ఖర్చో శ్రమో పరువో ముడిపడిన మార్పుకు మనిషి ఒకటికి రెండుసార్లు, వేర్వేరు మనుషుల దగ్గర, అదే పని జరగడం చూడాలి.

మార్క్ గ్రానోవెటర్ 1978లో చూపిన లెక్క ఇక్కడ మరీ ముఖ్యం. ఎంతమంది ముందడుగు వేశాక తాను కదులుతాడన్నది ప్రతి మనిషికీ ఒక గీత. వంద మందిలో ఒకరి గీత 0, ఇంకొకరిది 1, మరొకరిది 2, ఇలా చివరివాడిది 99 అయితే, ఒకరి వెనక ఒకరుగా వందమందీ కదులుతారు. గీత 1 ఉన్న మనిషిని తీసేసి 2 ఉన్నవాడిని పెడితే, మొదటివాడు ఒంటరిగా నిలబడిపోతాడు, రెండోవాడు లేడు. ఈ రెండు గుంపుల సగటు 49.5, 49.51. అభిప్రాయ సేకరణ చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫలితం ఒకచోట నూరు, ఇంకోచోట ఒకటి. సర్వేలు చూసి సమాజం మార్పుకు సిద్ధంగా ఉందనో లేదనో తేల్చేసేవారు పొరబడేది ఇక్కడే.

## నలభై ఏళ్ల కలరా వాదం

పాత ఆలోచన ఎలా నిలబడుతుందో, ఎలా పోతుందో చూడటానికి పందొమ్మిదో శతాబ్దపు కలరా వాదాన్ని మించిన ఉదాహరణ తక్కువ. కుళ్లిన పదార్థాల నుంచి లేచే చెడుగాలే వ్యాధికి కారణమన్నది అప్పటి ప్రధాన అభిప్రాయం. కలరా నీటి ద్వారా పాకుతుందని లండన్ వైద్యుడు జాన్ స్నో 1849లోనే రాశారు. 1854లో ఆయన చేతికి అరుదైన ఆధారం దొరికింది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో నీళ్లిచ్చేవి. మురుగు కలిసిన చోట నదినుంచి నీరు తీసుకునే కంపెనీ ఇళ్లలో ప్రతి పదివేల ఇళ్లకూ 315 మరణాలు, ఎగువనుంచి తెచ్చే కంపెనీ ఇళ్లలో 37. గాలి రెండు రకాల ఇళ్లకూ ఒకటే. ఇంతకంటే స్పష్టమైన పోలిక దొరకడం కష్టం. అదే ఏడాది ఇటలీలో ఫిలిప్పో పచీని కలరా రోగుల పేగుల్లో ఆ సూక్ష్మజీవిని మైక్రోస్కోపు కింద చూసి వర్ణించారు కూడా.

అయినా చెడుగాలి సిద్ధాంతం కదల్లేదు, ఎందుకంటే దాని చేతిలో చాలా పనులున్నాయి. మురికివాడల్లో దుర్వాసనా జబ్బులూ కలిసే ఉంటాయన్న రోజువారీ అనుభవానికి అది వివరణ. ఏం చేయాలో కూడా చెప్పేది: మురుగు తీసేయండి, గాలి ఆడనివ్వండి. అంటువ్యాధి అని ఒప్పుకుంటే ఓడలను ఆపాలి, రేవులు మూయాలి. చెడుగాలి అంటే ఆ నష్టం లేదు, కాబట్టి వర్తకులకు అది అనుకూలం. అన్నిటికీ మించి, అది మంచి ఫలితాలే ఇచ్చింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు మురుగు కాలువలకు డబ్బు మంజూరు చేసింది. జోసెఫ్ బజల్జెట్ కట్టిన ఆ కాలువలు మురుగును తాగునీటికి దూరం చేశాయి. తప్పుడు కారణంతో సరైన పని జరిగింది, ఆ పని విజయం తప్పుడు కారణానికే బలం చేకూర్చింది.

స్నో 1858లోనే చనిపోయారు. కొత్త కాలువలు ఇంకా పూర్తికాని తూర్పు లండన్‌లో 1866లో కలరా వచ్చినప్పుడు, అంతకుముందు చెడుగాలిని సమర్థించిన గణాంకవేత్త విలియం ఫార్ మరణాల పట్టికలు వేసి నీటినే తప్పుపట్టారు. 1884 నాటికి రాబర్ట్ కోచ్ కలరా సూక్ష్మజీవిని వేరుచేసి చూపించారు. అప్పటికీ మ్యూనిక్ ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడు మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ పూర్తిగా ఒప్పుకోలేదు. సూక్ష్మజీవి ఒక్కటే చాలదు, నేల పరిస్థితులు కూడా కలిసిరావాలన్నది ఆయన వాదం. 1892 అక్టోబరులో, 73 ఏళ్ల వయసులో, కలరా సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తాగి, కాస్త విరేచనాలతో బయటపడ్డారు. దానితో తన మాటే రుజువైందనుకున్నారు. మొండి మనిషి చేతిలో ప్రయోగం కూడా ఎలా తిరగబడుతుందో ఇది చూపుతుంది.

అదే ఏడాది హాంబర్గ్ నగరంలో కలరా సుమారు 8,600 మందిని బలితీసుకుంది. ఆ నగరం ఎల్బే నది నీటిని వడగట్టకుండానే ఇచ్చేది. ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం ఇంకా దిగువన, మరింత మురికి నీరే తీసుకునేది, కానీ ఇసుకతో వడగట్టేది. రెండు ఊళ్ల సరిహద్దు వీధుల్లో ఒకవైపు ఇళ్లలో చావులు, ఎదురువైపు ఇళ్లు క్షేమం. స్నో చూపిన పోలికకూ దీనికీ తర్కంలో తేడా లేదు. చుట్టూ ఉన్న పరిస్థితే మారింది. 1892 నాటికి సూక్ష్మజీవి సిద్ధాంతం చేతిలో మైక్రోస్కోపులు, ప్రయోగశాలలు, నీటిని పరీక్షించే పద్ధతి, వడపోత మడులు, ఆ చదువు చదివిన యువ వైద్యులు ఉన్నారు. చెడుగాలి సిద్ధాంతం చేసే ప్రతి పనినీ అది చేయగలిగింది. మురుగు కాలువలను కూడా సొంతం చేసుకుంది. కాలువలు అక్కడే ఉన్నాయి, వాటికి చెప్పే కారణం మారింది.

## ఖాళీని మనసు ఒప్పుకోదు

మనుషుల జ్ఞాపకంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. 1994లో హోలిన్ జాన్సన్, కోలీన్ సైఫర్ట్ చేసిన ప్రయోగంలో గోదాము తగలబడిన కథనం చదివించారు. అల్మరాలో పెట్టిన రంగులు, గ్యాస్ సిలిండర్లు కారణమని మొదట సూచించి, తర్వాత ఆ అల్మరా ఖాళీగా ఉందని సవరించారు. సవరణ చదివినట్టు గుర్తున్నవాళ్లు కూడా ప్రశ్నలకు జవాబిస్తూ రంగుల ప్రస్తావన తెచ్చారు. కావాలని నిప్పు పెట్టినట్టు ఆనవాళ్లు దొరికాయని మరో కారణం అందించినప్పుడు మాత్రం ఆ ప్రస్తావన బాగా తగ్గింది. కాబట్టి "అది నిజం కాదు" అన్న ఖండన ఒంటరిగా బలహీనం. నిజానికి ఏం జరిగిందో చెప్పే వివరణ దాని పక్కనే ఉండాలి. ఖండనలో పుకారును పదేపదే వల్లిస్తే అదనపు నష్టం ఉంది: పలుమార్లు విన్న మాట నిజమనిపించే ధోరణిని 1977 నుంచీ ప్రయోగాలు చూపుతూ వచ్చాయి.

ఒప్పుకోవడానికి కట్టవలసిన మూల్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాక, ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాల రేటు జూన్‌కు 2 శాతం దరిదాపులకు పడిపోయింది. కానీ ఎందుకు తగ్గిందో చెప్పే సిద్ధాంతం అప్పటికి లేదు. పైగా దాన్ని ఒప్పుకోవడమంటే ఇన్నాళ్లూ తల్లుల చావుకు తమ చేతులే కారణమని వైద్యులు ఒప్పుకోవడం.

అంకెల కథలో ఇంకో రకం అడ్డంకి కనిపిస్తుంది. భారతదేశంలో పుట్టి అరబ్బుల ద్వారా వెళ్లిన దశాంశ అంకెలను ఫిబొనాచీ 1202లో ఐరోపా వర్తకులకు వివరంగా పరిచయం చేశారు. 1299లో ఫ్లారెన్స్ డబ్బు మార్పిడి వర్తకుల సంఘం ఖాతా పుస్తకాల్లో వాటిని వాడకూడదని నిషేధించింది. సున్నకు చిన్న గీత కలిపితే 6 లేదా 9 అవుతుందన్నది అప్పటి భయాల్లో ఒకటి. అప్పటికే పూసల పలక మీద లెక్క చేసి, ఫలితాన్ని రోమన్ అంకెల్లో రాసుకునే పద్ధతి స్థిరపడి ఉంది. కొత్త అంకెలతో లెక్కా నమోదూ ఒకేచోట జరుగుతాయి, కానీ అందుకు చవకగా కాగితం, కొత్తగా నేర్పే గురువులు, మోసం జరగకుండా రాసే పద్ధతులు కావాలి. అవి సమకూరడానికి శతాబ్దాలు పట్టింది.

## అందరూ ఒకేసారి కదలాల్సినవి

కొన్ని ఆలోచనల విలువంతా ఎదుటివాడు కూడా అదే పాటించడంలో ఉంటుంది. రోడ్డుకు ఏ పక్కన నడపాలన్నది అలాంటిది. ఇక్కడ మెల్లగా పాకడమంటే ప్రమాదమే. స్వీడన్‌లో ఎడమ నుంచి కుడికి మారాలా అని 1955లో ప్రజాభిప్రాయం అడిగితే దాదాపు 83 శాతం వద్దన్నారు. పొరుగు దేశాల్లో కుడివైపే నడపడం, స్వీడన్ కార్లలో అత్యధికం అప్పటికే స్టీరింగు ఎడమవైపు ఉన్నవి కావడం వల్ల 1963లో పార్లమెంటు మార్పుకే మొగ్గింది. 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున 4:50కి వాహనాలన్నీ ఆగి, పక్క మారి, 5 గంటలకు కదిలాయి. ఆ వెనక ఏళ్ల తరబడి సిద్ధం చేసిన కూడళ్లు, సంకేతాలు, బస్సులు, ప్రచారం ఉన్నాయి.

చట్టం లేని చోట గట్టి అల్పసంఖ్యాకులు ఆ పాత్ర పోషిస్తారు. సెంటోలా బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వస్తువుకు గుంపంతా ఒప్పుకున్న పేరును మార్చాలని కొందరు పట్టుబట్టారు. వాళ్లు దాదాపు 25 శాతానికి చేరినప్పుడు గుంపు మొత్తం మారింది, అంతకు తక్కువైనప్పుడు చాలావరకు మారలేదు. ఇది పేర్ల ఆటలో వచ్చిన అంకె. జీవనోపాధో మతమో ముడిపడిన విషయాలకు దీన్ని యథాతథంగా అన్వయించకూడదు.

## తరాలు, పనిముట్లు

పాత ఆలోచనను నమ్మేవాళ్లు చనిపోతేనే కొత్తది నిలుస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. ప్రముఖ జీవశాస్త్రవేత్తలు 452 మంది పనిచేస్తూండగానే మరణించిన సందర్భాలను పియర్ అజూలే బృందం 2019లో పరిశీలించింది. వాళ్ల రంగాల్లో సన్నిహిత సహచరుల పరిశోధనలు తగ్గాయి, బయటివాళ్లవి పెరిగాయి. అయితే తరం మారే వరకూ ఆగాల్సిన పని అన్నిసార్లూ లేదు. ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పారు. కదిలించే బలం ఏమిటో నమ్మదగినట్టు చెప్పలేకపోవడంతో ఆ వాదన దశాబ్దాలు పక్కనే ఉండిపోయింది. 1960లలో సముద్రగర్భపు అయస్కాంత కొలతలు వచ్చాక, బతికి ఉన్న శాస్త్రవేత్తలే కొద్ది ఏళ్లలో మాట మార్చుకున్నారు. కొత్త పనిముట్టు ఎవరైనా సరిచూసుకోగల అంకెలనిస్తే మార్పు తొందరగా వస్తుంది. వాదన వాదనగానే ఉంటే తరాల లెక్కన సాగుతుంది.

## ఆన్‌లైన్‌లో మారింది ఎంత

వేగం మారింది. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను పరిశీలించిన అధ్యయనంలో, 1,500 మందికి చేరడానికి నిజమైన వార్తలకు అబద్ధాల కంటే సుమారు ఆరు రెట్ల సమయం పట్టింది. అబద్ధాలు కొత్తగా, ఆశ్చర్యకరంగా అనిపించడం ఒక కారణంగా ఆ పరిశోధకులు చూపారు. అదృష్టం పాలు కూడా పెరిగింది. 2006లో మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 48 అపరిచిత పాటలను 14,341 మంది ముందు పెట్టారు. ఇతరులు ఏవి డౌన్‌లోడ్ చేశారో కనబడేలా కొందరిని ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడదీశారు. ఒక లోకంలో అగ్రస్థానంలో ఉన్న పాట ఇంకో లోకంలో 40వ స్థానంలో తేలింది. మరీ మంచివి అట్టడుగుకు పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదు. ఆ మధ్యనున్నవాటి తలరాతను నిర్ణయించింది తొలి కొద్దిమంది క్లిక్కులు.

పాతదాన్ని తొలగించే పని మాత్రం అంత వేగం అందుకోలేదు. పాఠ్యప్రణాళికలు, దరఖాస్తు ఫారాలు, కొనుగోలు నిబంధనలు, శిక్షణ పొందిన మనుషులు క్లిక్కుల వేగంతో మారరు. ఒక ఆలోచన నిజంగా వేళ్లూనిందో లేదో తెలియాలంటే ప్రస్తావనల సంఖ్య కంటే వీటిని చూడటం మేలు: ఏమీ ఎంచుకోనివాడికి అప్రమేయంగా దక్కేది ఏది, కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది ఏది, దాన్ని కాదనేవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలా, సమర్థించేవాడు ఇచ్చుకోవాలా.

## సరైనది చేజారిన సందర్భం

నిలబెట్టే ఆధారాలు సడలితే సరైన ఆలోచన కూడా తొలగిపోతుంది. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) ఉన్న 12 మంది నావికులను ఆరు జంటలుగా చేసి, తలో చికిత్స ఇచ్చారు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న జంట త్వరగా కోలుకుంది. 1795లో బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టాక స్కర్వీ దాదాపు మాయమైంది. కానీ అది ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, పులుపే మందనుకున్నారు. అందుకే 1860లలో మధ్యధరా నిమ్మకు (లెమన్) బదులు వెస్టిండీస్ లైమ్ అనే మరో రకం నిమ్మ వాడటం చిన్న మార్పుగా కనిపించింది. దానిలో విటమిన్ సి చాలా తక్కువ, రాగి గొట్టాల్లోంచి పంపి నిల్వ చేస్తే మరీ తగ్గుతుంది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణాలు కురచబడటంతో ఆ లోటు బయటపడలేదు.

జార్జ్ నేర్స్ నాయకత్వంలోని 1875–76 ఆర్కిటిక్ యాత్రలో లైమ్ రసం ఉండగానే స్కర్వీ విరుచుకుపడింది. రసం మీద నమ్మకం పోయింది. డబ్బాల్లో చెడిన మాంసపు విషమే కారణమన్న సిద్ధాంతం ఆ చోటు ఆక్రమించి, ధ్రువ యాత్రల సరుకుల జాబితాలను కూడా శాసించింది. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, టియోడర్ ఫ్రోలిక్ గినీపందులకు ధాన్యాలు మాత్రమే పెట్టి చూస్తే వాటికి స్కర్వీ వచ్చింది. చాలా జంతువులకు భిన్నంగా, గినీపందుల శరీరం విటమిన్ సిని తయారు చేసుకోలేదు. తాజా కూరగాయలు, పండ్ల రసాలు పెడితే జబ్బు రాలేదు. ఏ ఆహారంలో రక్షణ ఎంతుందో, ఎంత వేడికి అది పోతుందో ప్రయోగశాలలో కొలిచే వీలు అప్పుడు కలిగింది. 1932లో ఆ పదార్థమేమిటో తేలేసరికి చెడిన మాంసం సిద్ధాంతానికి వివరించడానికి ఏమీ మిగల్లేదు.